నేను ఎక్కని నిచ్చెన

నా మొదటి తనిఖీ రిపోర్టులో అక్షరదోషం ఒక్కటి లేదు. నిజం కూడా పెద్దగా లేదు. రిటైరయ్యాక కూడా కొన్నాళ్ళు కొత్త ఇన్‌స్పెక్టర్ల శిక్షణ తరగతుల్లో నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలుస్తుండేవారు. గెలిచిన కేసులు చెప్పండి సార్ అనేవారు పిల్లలు. నేను మాత్రం ఈ రిపోర్టు సంగతే చెప్పేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఎక్కడికీ వెళ్ళడం లేదు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. చాలామంది పోయారు. ఉన్నవాళ్ళని ఈ వయసులో ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాలు. నాకు ఇరవై నాలుగేళ్ళు. కృష్ణా జిల్లా నుంచి లేబర్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అప్పటి తార్నాకలో ఇళ్ళ కంటే ఖాళీ జాగాలు ఎక్కువ. సాయంత్రమైతే యూనివర్సిటీ క్యాంపస్ వైపు నుంచి విద్యార్థులు సైకిళ్ళ మీద గుంపులుగా వచ్చేవారు. నాకూ ఒక సైకిలుండేది. దాని హేండిల్‌కి ఒక తోలుసంచి, సంచిలో చట్టాల పుస్తకం. ఆ పుస్తకం ఒకటి చేతిలో ఉంటే లోకాన్ని ఆర్నెల్లలో చక్కదిద్దేయవచ్చని గట్టి నమ్మకం ఉండేది నాకు. నవ్వకండి, మీకూ ఉండే ఉంటుంది.

ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే పనికి ఒకే వేతనం అనే చట్టం అప్పటికి లేదు. అది తర్వాత కొన్నేళ్ళకి వచ్చింది. అప్పుడున్నది కనీస వేతనాల చట్టం. దాని కింద ఏ పనికి ఎంత కూలి ఇవ్వాలో రాష్ట్ర ప్రభుత్వం ఒక పట్టిక వేసి ప్రకటించేది. భవన నిర్మాణం పట్టికలో నైపుణ్యం అక్కర్లేని పని దగ్గర రెండు గడులుండేవి, పురుషులకొకటి, స్త్రీలకొకటి. స్త్రీల గడిలో రోజుకి ముప్పావలా తక్కువ. కాంట్రాక్టర్లు దొంగతనంగా చూపించే తేడాని సర్కారువారు అచ్చువేసి మరీ చూపించారన్నమాట. అయితే ఆ కింది వరుసలో, కొంత నైపుణ్యం కావలసిన పనికి మాత్రం ఒకటే గడి ఉంది. ఆడా మగా అని లేదు. ఆ వరుసలోకి ఆడవాళ్ళు కూడా వస్తారని పట్టిక రాసినవాళ్ళకి తట్టి ఉండదు. నేను చెప్పబోయేదంతా ఆ పై వరుసకీ కింది వరుసకీ మధ్య జరిగింది.

ఒకరోజు మా ఆఫీసుకి ఒక అర్జీ వచ్చింది. తెల్లకాగితం మీద ఎవరిచేతో రాయించిన నాలుగు వాక్యాలు, కింద పన్నెండు వేలిముద్రలు. క్యాంపస్‌లో కొత్తగా కడుతున్న తరగతి గదుల భవనం మీద కప్పు కొట్టే ఆడవాళ్ళు పెట్టుకున్నారు. మాది చెయ్యి తిరిగిన పని, మాకు మట్టి తట్టలు మోసే ఆడకూలి లెక్క కడుతున్నారు, అడిగితే ముందు కట్టబోయే రెండు బిల్డింగుల పని ఇచ్చేది లేదంటున్నారు అని దాని సారాంశం. ఆ రెండు బిల్డింగులూ లేకపోతే వాళ్ళు మళ్ళీ పాలమూరు పల్లెలకి పోవాలి. ఆ ఏడు అక్కడ వానల్లేవు, పనీ లేదు. మా లేబర్ ఆఫీసరు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "పోయి చూసిరావయ్యా" అన్నారు. ఆ 'చూసి' అన్న మాటని నేను పట్టించుకోలేదు.

కప్పు కొట్టడమంటే మీ తరానికి తెలియదు. అప్పట్లో స్లాబు మీద ఇటుక ముక్కలూ, గానుగలో ఆడించిన సున్నమూ కలిపి బెత్తెడు మందాన పరిచేవారు. దాని మీద ఆడవాళ్ళు వరుసగా గొంతుక్కూర్చుని కొయ్యచెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. కరక్కాయలూ బెల్లమూ నానేసిన నీళ్ళు చల్లుతూ, పాట పాడుతూ, ఒక్క దెబ్బగా కొట్టేవారు. అది కుదిరితే ఎంత వాన కురిసినా చుక్క కిందికి దిగదు. కుదరకపోతే మొదటి వానకే గదిలో గిన్నెలు పెట్టుకోవాలి.

నేను వెళ్ళింది మంచి ఎండాకాలం, పదకొండు గంటలవేళ. కాంట్రాక్టరు గుడారం ముందు సైకిలు ఆపగానే ఆయన ఎదురొచ్చారు. నా నోట రెండు మాటలు వినగానే ఆయన మొహం విచ్చుకుంది.

"ఏ ఊరండీ మనది?" అన్నారు.

ఊరి పేరు చెప్పాను. ఆయనది కాలవకి అవతలి ఊరు. మా మేనమామ ఆయనకి తెలుసట. పరాయి చోట మన యాస వినబడితే ప్రాణం లేచొస్తుంది. నాలుగు నెలలుగా హోటలు కూడు తింటున్నవాణ్ణి, ఆయన ఇంటి నుంచి వచ్చిన మజ్జిగ గ్లాసు చేతికివ్వగానే సగం తనిఖీ అయిపోయినట్టే అనిపించింది.

పైనుంచి దెబ్బల చప్పుడు, పాట వినబడుతున్నాయి. గోడకి వెదురు నిచ్చెన ఆనించి ఉంది. దాని దగ్గరికి వెళ్ళి తలెత్తి చూశాను. పిట్టగోడ మీంచి ఒక పెద్దావిడ వంగి చూసింది. నుదుటి మీద సున్నం, నెత్తికి కొంగు చుట్టుకుని ఉంది.

"ఎండల ఒచ్చినవ్ సారూ, పైకి రా. కుండల సల్లటి నీళ్ళున్నయ్!" అని కేకేసింది.

నేను నిచ్చెన మీద ఒక చెయ్యి వేశాను. పక్కనున్న మేస్త్రి సన్నగా దగ్గాడు. "ఆడోళ్ళు చీరలెగదోపుకొని కూసున్నరు సార్. మీరు పెద్దోళ్ళు, మీరు పోతే వాళ్ళకు సిగ్గైతది. మీకేం గావాలె, నేను జెప్త గద" అన్నాడు.

ఆడవాళ్ళున్న చోటికి వెళ్ళేముందు వాకిట్లో నిలబడి దగ్గాలని మా అమ్మ నేర్పింది. నేను చెయ్యి తీసేశాను. సంస్కారం అనుకున్నాను. అందులో సగం సంస్కారం, సగం భయం. ఆ నిచ్చెనకి మూడో మెట్టు లేదు, నాకు ఎత్తులంటే కళ్ళు తిరుగుతాయి. కానీ మొత్తం సంస్కారమేనని నాకు నేనే చెప్పుకున్నాను. గుడారంలో కూర్చుని, పైన ఏం పని జరుగుతోందని మేస్త్రినడిగి రాసుకున్నాను. ఆ పని ఎంత కష్టమని, కింద ఇసుక జల్లిస్తున్న మగవాళ్ళనడిగి రాసుకున్నాను. "కూసోని కొట్టుడే సార్, పాటలు పాడుకుంట" అన్నారు వాళ్ళు. 'స్త్రీ కూలీలు, పన్నెండు మంది. కూర్చుని చేసే తేలికపాటి పని. ప్రత్యేక నైపుణ్యం అవసరం లేదు. ఫిర్యాదు రుజువు కాలేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, దాని నకలొకటి కాంట్రాక్టరుకిచ్చి, సంతకం తీసుకుని వచ్చేశాను.

మా ఆఫీసరు పాతబస్తీ మనిషి. ఉర్దూలో లెక్కపెట్టి, తెలుగులో తిట్టి, ఇంగ్లీషులో సంతకం పెట్టేవారు. రిపోర్టులు చదవడం ఆయనకి పరమ బద్ధకమని ఆఫీసంతా చెప్పుకునేది. నా రిపోర్టు కూడా మూసి ఉన్నది మూసి ఉన్నట్టే బల్ల మీద పెట్టుకుని, నా వైపు చూశారు.

"ఎవరి నీళ్ళు తాగినవయ్యా?"

నాకర్థం కాలేదు. "నీళ్ళు కాదండీ, మజ్జిగ" అన్నాను.

"మజ్జిగ! మషాల్లా. ఎవరిచ్చిన్రు?"

"కాంట్రాక్టరు గారండీ."

ఆయన రిపోర్టుని బల్ల మీద ఒక పక్కకి జరిపారు. తర్వాత మెల్లగా చెప్పారు. "చూడు భై, ఇరవై ఏండ్లసంది ఈ పని జేస్తున్న. తనిఖీకి పోయినోడు ఎవరి నీళ్ళు తాగితే ఆళ్ళ రిపోర్టు రాస్తడు. ఇందుల లంచం లేదు, బేయిమానీ లేదు. గొంతు తడిపినోని మాట చెవుల వడతది, అంతే. ఆ పన్నెండు మందిల ఒక్కరి మొహమన్న జూసినవా?"

"ఆడవాళ్ళు సార్, పైన చీరలు..."

"అయితే?"

చెవులు వేడెక్కాయి. ఆయన ఫైలు నా వైపు తోశారు. "రేపు పొద్దుగాల్నే పో. పొద్దుందాక ఆడనే కూసో. జర పైకెక్కు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే నేను ఆయన మీద నాలుగు రోజులు కోపం పెట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి.

మర్నాడు నిచ్చెన ఎక్కాను. మూడో మెట్టు లేని చోట కళ్ళు మూసుకున్నాను. పైకి చేరేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది. ఆడవాళ్ళు పాట ఆపేసి కొంగులు సర్దుకున్నారు. పెద్దావిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నిన్న రాలే?" అంది.

"తప్పయిందమ్మా" అన్నాను. మరో మాట దొరకలేదు.

"సరే తియ్. కూసో" అని కుండలోంచి సత్తుగ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆ నీళ్ళలో కొంచెం సున్నం వాసన. నేను గ్లాసెడు తాగి ఇంకో గ్లాసు అడిగాను. దూరంగా మౌలాలి గుట్ట కనబడుతోంది. కింద సీతాఫల్‌మండి వైపు రైలు కూత. వాళ్ళు మళ్ళీ పని మొదలుపెట్టారు.

ఆ రోజంతా అక్కడే ఉన్నాను. మొదటి గంటలో నాకు కనబడింది కూర్చుని కొట్టడమే. రెండో గంటలో పెద్దావిడ నా చేతికొక చెక్క ఇచ్చి, "నువ్వు గొట్టు సారూ, చూద్దాం" అంది. కొట్టాను. పన్నెండు మందీ కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. పావుగంటకి భుజం పట్టేసింది. నేను కొట్టిన చోట వేలి లోతు గుంట పడింది. నా పక్కన కూర్చున్న ఆమె ఆ గుంటని చేత్తో తడిమి, నీళ్ళు చిలకరించి, ఓ వంద దెబ్బలతో సరిచేసింది. చదువుకున్న మొద్దుని ఇంత ఓర్పుగా ఎవరూ దిద్దలేదు.

మధ్యాహ్నం పెద్దావిడ హఠాత్తుగా చెయ్యెత్తింది. పాట ఆగింది. ఆమె లేచి, నాలుగడుగులు నడిచి, ఒక మూల చెక్కతో రెండుసార్లు కొట్టి చెవి వంచింది. నాకు అన్ని చోట్లా ఒకటే చప్పుడు.

"గీడ ఇంక పచ్చిగున్నది. చెక్క దుంకుతలేదు" అంది. "సున్నం పండి బిగుసుకున్నంక చెక్క మీదికి దుంకుతది. చప్పుడు మారుతది. గప్పుడు ఆపాలె. ముందుగాల ఆపితే నీళ్ళు దిగుతయి, ఎక్కువ గొడితే సున్నం చస్తది, పగుల్తది."

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా ఇది నేర్చుకోవడానికి?"

"మా అత్త కాడ నేర్సిన. మూడేండ్లు చెయ్యి గొట్టింది గని చెవి మా అత్తదే. నాలుగో యాడాదికి నా చెవి నాకొచ్చింది."

అప్పుడు చూపించింది అసలు సంగతి. తూర్పు పిట్టగోడ పొడుగునా మూరెడు వెడల్పున ఒక పట్టీ, మిగతా కప్పు రంగులో లేదు. దాని నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. "గది మొగోళ్ళు గొట్టింది" అంది పెద్దావిడ. నెల కింద వాళ్ళు కూలి సంగతి అడిగినప్పుడు మేస్త్రి నాలుగు రోజులు వాళ్ళని పక్కనపెట్టి మగకూలీలతో కొట్టించాడట. అకాలవాన ఒకటి పడేసరికి కింద గది గోడంతా తడిసింది. యూనివర్సిటీ ఓవర్సీరు వచ్చి గగ్గోలు పెట్టాడు. మేస్త్రి మళ్ళీ వీళ్ళనే పిలిచి, అదంతా తవ్వించి కొత్తగా కొట్టించాడు. ఆ పట్టీ మాత్రం పిట్టగోడ ఆసరాగా ఉందని వదిలేశాడు. నాలుగు రోజుల ఆ పనికి మగవాళ్ళకి మగకూలి, దాన్ని సరిచేసినందుకు వీళ్ళకి ఆడకూలి.

నేను ఆ పట్టీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. నిన్న ఈ పాటికి ఇరవై అడుగుల కింద మజ్జిగ తాగుతూ 'ప్రత్యేక నైపుణ్యం అవసరం లేదు' అని రాశాను. సిగ్గుతో తల దించుకునే సందర్భం జీవితంలో చాలాసార్లు వచ్చింది గానీ అంత ఎండలో, అంత మంది ముందు రాలేదు. పెద్దావిడ నా అవస్థ చూసి మరో గ్లాసు నీళ్ళు ఇచ్చింది.

సాయంత్రం దిగివచ్చి రెండో రిపోర్టు రాశాను. మా ఆఫీసరు ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. అప్పుడు అర్థమైంది, ఆయనకి చదవడం బద్ధకం కాదు, దేన్ని చదవాలో తెలుసు. క్లెయిము వేశాం. కప్పు కొట్టడం కొంత నైపుణ్యం కావలసిన పని, కాబట్టి ఒకే గడి ఉన్న ఆ వరుసలో రేటు ఇప్పించాలని. "ఒక చిక్కున్నది" అన్నారాయన. "నీ మొదటి రిపోర్టు కాంట్రాక్టరు దగ్గరున్నది. నువ్వు ఇంకా ప్రొబేషన్ల ఉన్నవ్. సోంచాయించుకో." ఆలోచించుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదని రాయాలి కానీ, నిజానికి కప్పు మీద పడ్డ శ్రమకి ఒళ్ళెరగకుండా పడుకున్నాను.

విచారణ రోజు నగరంలోని మా ఆఫీసు వరండా నిండిపోయింది. పన్నెండు మందీ వచ్చారు. ఇప్పుడు మాణికేశ్వర్ నగర్ అంటున్న వైపున అప్పుడుండే గుడిసెల్లోంచి నడిచే వచ్చారు, ఒకరోజు కూలి వదులుకుని. తల దువ్వుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని గోడవారన కూర్చున్నారు. కప్పు మీద అంత ధీమాగా ఉండే పెద్దావిడ అక్కడ బల్లలూ కుర్చీలూ చూసి చిన్నబోయింది. అది చూస్తే నాకు చాలా బాధేసింది.

కాంట్రాక్టరు వకీలు లేవగానే చేసిన పని నా మొదటి రిపోర్టు తీసి చదవడం. చక్కగా చదివాడు. నా వాక్యాలు నాకే వినసొంపుగా ఉన్నాయి. "ప్రభుత్వ ఇన్‌స్పెక్టరే స్వయంగా తనిఖీ చేసి రాసిన మాటలివి. మర్నాడే ఈయనకి జ్ఞానోదయం ఎలా అయింది? ఏ రిపోర్టు నమ్మమంటారు?" అన్నాడు. విచారణాధికారి కళ్ళద్దాలు సవరించుకుని నన్ను లేవమన్నారు. చాలా కటువైన మనిషని పేరు ఆయనకి.

"మొదటిది తప్పండి" అన్నాను.

"ఎందుకు తప్పు?"

"నేను పైకి ఎక్కలేదండి. కింద కూర్చుని, ఆడవాళ్ళ పని గురించి మగవాళ్ళనడిగి రాశాను."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. వకీలు కూడా నవ్వాడు. విచారణాధికారి నవ్వలేదు. నా మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నారు, కలం చప్పుడు నాకు వినబడింది. కాంట్రాక్టరు గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కోపం కాదు, మీ మేనమామకి చెబుతాను అన్నట్టుంది.

తర్వాత మేస్త్రిని పిలిచారు. అతను కాంట్రాక్టరు తిండి తినేవాడు. ఏం చెప్పాలో ముందే చెప్పి తెచ్చారని మొహమే చెబుతోంది. అది కూర్చుని చేసే పనేనన్నాడు. ఎవరైనా చేస్తారన్నాడు. విచారణాధికారి అన్నీ విని, ఇక పంపించేస్తారనుకున్నప్పుడు, మామూలుగా అడిగినట్టు అడిగారు.

"అయితే రేపు లేబర్ అడ్డా మీద ఎవరు దొరికితే వాళ్ళని తెచ్చి ఆ కప్పు కొట్టించవచ్చునా?"

మేస్త్రి నోరు తెరిచాడు. అవునంటే సరిపోయేది. అతను ముప్పై ఏళ్ళుగా సున్నంతో బతికిన మనిషి. కాంట్రాక్టరు వైపు చూశాడు, గోడవారన కూర్చున్న పెద్దావిడ వైపు చూశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు.

"చెప్పవయ్యా. కొట్టించవచ్చునా?"

"కాదు సార్" అన్నాడు. "ఇల్లు గురుస్తది."

"మరి ఇప్పటిదాకా ఎవరైనా చేస్తారంటివి?"

"కొట్టుడు ఎవరన్న గొడ్తరు సార్. ఎప్పుడు ఆపాల్నో గా ముసల్దానికే ఎరుక. నాకు సుత ఎరుకలేదు. నా కప్పు అయిందా కాలేదా అని నేనే ఆమెను అడుగుత." అని ఒక్క క్షణం ఆగి, "మొగోళ్ళతోటి గొట్టిచ్చి ఒకపారి ఇజ్జత్ పోగొట్టుకున్న సార్. మల్ల పోగొట్టుకోను" అన్నాడు.

వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రి బయటికొచ్చి వరండా మెట్ల మీద కూలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నా నోరే నా మాట ఇనలే సార్. ఇగ నన్ను పనిల వెట్టుకుంటడో లేదో" అన్నాడు. అతని మీద అప్పటిదాకా నాకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఆ రోజు నేను ఒప్పుకున్నది నా తప్పు మాత్రమే. నా వెనక ప్రభుత్వముంది. అతను నిజం చెప్పాడు, అతని వెనక ఎవరూ లేరు.

ఉత్తర్వు పది రోజులకి వచ్చింది. కప్పు కొట్టడం నైపుణ్యం ఉన్న చేతి పనేనని, ఆ భవనం మీద పన్నెండు మందికీ కింది వరుస రేటే చెల్లించాలని. చివరి పేరాలో నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. తనిఖీ స్థలాన్ని చూడకుండా తనిఖీ రిపోర్టు రాసిన ఇన్‌స్పెక్టరు మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని. తీసుకున్నారు. ఇంక్రిమెంటు ఆర్నెల్లు ఆపారు. ఆడవాళ్ళకి కూలి పెంచబోయి వీడు తన జీతం తగ్గించుకున్నాడని ఆఫీసులో ఏడాదిపాటు నవ్వుకున్నారు. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది. నాకొచ్చిన ప్రశంసాపత్రాలు ఎక్కడున్నాయో మాత్రం తెలియదు.

ఉత్తర్వు అమలుకి పేర్లు కావాలి. హాజరుపట్టీలో ఆ పన్నెండు మందీ ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనే ఉన్నారు. పెద్దావిడ పేరు దగ్గర 'ముసలమ్మ' అని రాసి ఉంది. నేను మళ్ళీ నిచ్చెన ఎక్కి, ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను. ఇద్దరు తమ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డారు, పక్కవాళ్ళు చెప్పారు. పెద్దావిడ మాత్రం లేచి నిలబడి, తన పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ గట్టిగా చెప్పింది. ముందు కట్టబోయే రెండు బిల్డింగుల కప్పులూ వీళ్ళే కొట్టాలని ఓవర్సీరు పట్టుబట్టాడు. మేస్త్రి ఉద్యోగం కూడా పోలేదు. కాంట్రాక్టరు గారు మంచి లెక్కమనిషి, కురిసే కప్పు కంటే మేస్త్రి నిజం చౌక అని ఆయనకి తెలుసు.

అంతా అయ్యాక పెద్దావిడ నన్నడిగింది. "మంచిగనే అయింది బిడ్డా. మరి కింద మట్టి మోసేటోళ్ళ సంగతేంది? మొగోనికి తట్ట బరువు ఎక్కువుంటదా, ఆడిదానికి తక్కువుంటదా?"

పట్టికలో ఆ రెండు గడులూ అలాగే ఉన్నాయి. మా శాఖ నుంచి ఏటా ఒక నోటు రాసేవాళ్ళం, ఏటా అది పై ఆఫీసుల్లో ఎక్కడో నిద్రపోయేది. సమాన వేతన చట్టం వచ్చేనాటికి మా ఆఫీసరు రిటైరయ్యారు. ఆయన ఇంటికి వెళ్ళి గెజెట్ చేతిలో పెట్టాను. చదివి, "ఇగ నిచ్చెనలు మస్తుగ ఎక్కాలె నువ్వు" అన్నారు. మా నాన్న నాకు చదువు చెప్పించారు. ఉద్యోగం నేర్పింది మాత్రం ఈయనే. ఆ మాట ఆయనతో చెబుదామని వెళ్ళి, చెప్పలేక చాయ్ తాగి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ చట్టం గురించి విద్యార్థులకి చెప్పమని తర్వాత ఒకసారి క్యాంపస్‌కి పిలిచారు. వెళ్తే అదే భవనం, అదే తూర్పు వైపు గది. మంచి శ్రావణమాసపు వాన, కుండపోతగా కురుస్తోంది. మాట్లాడటానికి లేచి, అలవాటుగా తలెత్తి పైకప్పు చూశాను. ఎక్కడా ఒక్క మరక లేదు. పిట్టగోడ వైపున్న ఆ మూరెడు పట్టీ కింద కూడా లేదు. తర్వాత ఎప్పుడో అది కూడా వాళ్ళే వచ్చి కొట్టి ఉంటారు. నేను చట్టం గురించి మొదలుపెట్టలేక చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

"ఏం చూస్తున్నారు సార్?" అని ముందు బెంచీలోని అమ్మాయి అడిగింది.

ఆ కప్పు ఎవరు కొట్టారో చెప్పాను. ఎన్ని రోజులు కొట్టారో, ఎలా విన్నారో, ఎవరు కింద కూర్చుని మజ్జిగ తాగారో అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి కలం తీసి, "వాళ్ళ పేర్లు గుర్తున్నాయా సార్?" అంది.

ఎవరి పేరూ రాయనని మొదట్లోనే అన్నాను, ఆ మాట మీదే ఉంటాను. ఆ రోజు మాత్రం పన్నెండు పేర్లూ వరసగా చెప్పాను, కాగితం చూడకుండా. ఇప్పటికీ చెప్పగలను.